మంత్రోపదేశం నుంచి పురశ్చరణ దాకా: ఉద్యోగం, సంసారం ఉన్నవారికి జపసాధన మార్గదర్శి

గురువు దగ్గర మంత్రం తీసుకున్నవారు మన బంధువర్గంలో వెతికితే చాలామందే కనిపిస్తారు. తీసుకున్న మంత్రాన్ని రెండు మూడేళ్ల తర్వాత కూడా రోజూ జపిస్తున్నవారు మాత్రం అరుదుగా కనిపిస్తారు. దీనికి కారణం భక్తి చాలకపోవడం కాదు. ఉపదేశం పొందిన నాటి ఉత్సాహంలో, ఉద్యోగమూ పిల్లలూ ప్రయాణాలూ ఉన్న జీవితం మోయలేని సంఖ్యకు ఒప్పుకోవడమే అసలు కారణమని నా అభిప్రాయం. అందుకే ఈ మార్గదర్శిలో మంత్రమహిమ కంటే మోతాదు గురించి, ఫలశ్రుతి కంటే నిత్యక్రమం గురించి ఎక్కువగా చెప్పదలచాను. శివుడి అయిదక్షరాల పంచాక్షరి, నారాయణుడి ఎనిమిదక్షరాల అష్టాక్షరి వంటి మంత్రాన్ని గురుముఖంగా పొంది ఇంట్లోనే ఉంటూ జపించే గృహస్థులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది ఇది. శ్రీవిద్య వంటి క్రమదీక్షలు వేరే దారి, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

గురువును ఆశ్రయించే ముందు

తత్త్వం తెలుసుకోగోరినవాడు సమిధలు చేతపట్టుకుని, వేదం చదివినవాడూ బ్రహ్మనిష్ఠ కలవాడూ అయిన గురువు దగ్గరికే వెళ్లాలని ముండకోపనిషత్తు చెబుతుంది. నేటి గృహస్థు అంత ఎత్తు నుంచి కొలవనక్కరలేదు గానీ, మూడు సంగతులు మాత్రం తెలుసుకోవాలి. ఆయనకు ఆ మంత్రం ఎవరి నుంచి వచ్చిందో, ఆయన స్వయంగా దాన్ని అనుష్ఠిస్తున్నారో లేదో, శిష్యుల సందేహాలకు సమయం ఇస్తారో లేదో విచారించడంలో తప్పేమీ లేదు. ప్రణిపాతంతో పాటు పరిప్రశ్నను, అంటే అడిగి తెలుసుకోవడాన్ని కూడా గీత నాలుగో అధ్యాయం శిష్యలక్షణాల్లోనే చేర్చింది.

చాలా కుటుంబాలకు ఈ వెతుకులాట అవసరం రాదు. స్మార్త కుటుంబాల్లో శృంగేరి లేదా కంచి పీఠాన్ని తరతరాలుగా గురుపీఠంగా భావించేవారున్నారు. శ్రీవైష్ణవులకు ఆచార్యుల వద్ద జరిగే సమాశ్రయణంలోనే, తాపం, పుండ్రం, నామం, మంత్రం, యాగం అనే పంచసంస్కారాల్లో భాగంగా మంత్రం లభిస్తుంది. ఇంటి సంప్రదాయం ఒకటుంటే ముందు అక్కడే అడగడం మంచిది. తాతముత్తాతలు పట్టిన దారిలో సందేహాలు తీర్చేవారు దొరకడం తేలిక.

గురువు కూడా శిష్యుణ్ని పరీక్షిస్తారు. అష్టాక్షరీ రహస్యార్థం కోసం రామానుజులవారు తిరుక్కోట్టియూర్ నంబి దగ్గరికి పద్దెనిమిదిసార్లు వెళ్లవలసి వచ్చిందని శ్రీవైష్ణవ సంప్రదాయం చెబుతుంది. అడిగిన గంటలో మంత్రం చేతిలో పెట్టి, పెద్ద మొత్తం అడిగి, ఫలానా తేదీకల్లా కోరిక తీరుతుందని మాట ఇచ్చేవారి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఇంట్లోవారికి చెప్పవద్దని ఆస్తి విషయాలు మాట్లాడేవారినైతే మారుమాట లేకుండా వదిలేయాలి. మంత్రం గోప్యం కావచ్చు, డబ్బు లావాదేవీ గోప్యం కానక్కరలేదు.

తగిన గురువు దొరికేదాకా ఊరికే కూర్చోవలసిన పనిలేదు. రామ, శివ, గోవింద వంటి నామాలను జపించడానికి ఉపదేశం అక్కరలేదు. విష్ణు సహస్రనామం వంటి స్తోత్రాలను ఎవరైనా పారాయణ చేయవచ్చు. హ్రీం, శ్రీం వంటి బీజాక్షరాలతో కూడిన మంత్రాలను మాత్రం వీడియోలో విని మొదలుపెట్టకూడదు. ఉచ్చారణ తప్పితే దిద్దేవారు లేకపోవడం ఒక ఇబ్బంది, ఎంత చేయాలో ఎక్కడ ఆపాలో చెప్పేవారు లేకపోవడం అంతకంటే పెద్ద ఇబ్బంది.

ఉపదేశం రోజున అడగవలసినవి

ఆషాఢ పూర్ణిమ నాటి గురుపూజ, గ్రహణకాలం, గురువు నిర్ణయించిన మరేదైనా శుభతిథి ఉపదేశానికి ఉచితమైనవి. తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, పళ్లు, కొబ్బరికాయ, శక్తికొద్దీ దక్షిణ తాంబూలంలో పెట్టి సమర్పించాలి. గురువు సాధారణంగా కుడిచెవిలో మూడుసార్లు మంత్రం చెబుతారు. దాన్ని ఆయన ఎదుటే తిరిగి పలికి, సరిగ్గా ఉందని ఆయన అన్న తర్వాతే లేవాలి. హ్రస్వమా దీర్ఘమా, ముందు ప్రణవం (ఓంకారం) ఉందా లేదా అన్న సందేహం ఇంటికి వచ్చాక తలెత్తితే, ప్రతి మాలలోనూ ముల్లులా గుచ్చుతుంది.

అడగవలసినవి ముందే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి. మంత్రానికి ఋషి, ఛందస్సు, దేవత ఎవరు, న్యాసం (మంత్రం పలుకుతూ శరీరభాగాలను తాకడం) చేయాలా, ధ్యానశ్లోకం ఏది, మాల పట్టాలా వేళ్ల మీద లెక్కించాలా, జాతాశౌచ మృతాశౌచాల్లోనూ స్త్రీలకు ఆ నాలుగు రోజుల్లోనూ ఏం చేయాలి, రైల్లో ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎలా, ఒకరోజు తప్పిపోతే ప్రాయశ్చిత్తం ఏమిటి అన్నవన్నీ అందులో ఉండాలి. వీటికి సంప్రదాయాన్ని బట్టి సమాధానాలు మారతాయి కాబట్టి, మరొక శిష్యుడికి మరొక గురువు చెప్పిన నియమాన్ని అరువు తెచ్చుకోకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది సంఖ్య. గురుశిష్యుల మధ్య ఈ మాట ఇలా నడుస్తుంది.

"రోజూ పది మాలలు చేస్తానండీ."

"జ్వరం వచ్చిన రోజున ఎన్ని చేస్తావు నాయనా?"

"ఆ రోజు ఒకటో రెండో..."

"అయితే ఒకటే ఒప్పుకో. మిగతావి నీ ఇష్టం."

ఈ ఒక్క సంభాషణ జరిగితే సగం సాధన నిలబడినట్టే. రాత్రి డ్యూటీలు చేసే నర్సు, పసిపిల్లల తల్లి, నెలలో సగం రోజులు ఊళ్లు తిరిగే మార్కెటింగ్ ఉద్యోగి తమ దినచర్యను గురువు ముందు దాచకుండా చెప్పాలి. తీరికగా ఉన్న ఆదివారాన్ని చూసి కాకుండా, ఊపిరాడని సోమవారాన్ని చూసి సంఖ్య నిర్ణయించుకోవాలి. నిత్యసంఖ్య అంటే ఎట్టి పరిస్థితిలోనూ తగ్గనిది. దానికి మించి చేసిన జపాన్ని ఆ రోజుకు అదనంగా భావించాలే తప్ప, రేపటికి బాకీగా మార్చుకోకూడదు.

చోటు, ఆసనం, వేళ

దేవుడి గది ఉంటే మేలు, లేకపోతే రోజూ అదే మూల. తూర్పుముఖంగా గానీ ఉత్తరముఖంగా గానీ కూర్చోవడం వాడుక. దర్భ, దానిపై జింకచర్మం, దానిపై వస్త్రం అని గీత ఆరో అధ్యాయం ఆసనాన్ని వర్ణించింది గానీ, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత జింకచర్మం మాట మరచిపోవడమే ధర్మం. దర్భాసనం మీద ఊలు కంబళి, పైన నూలుగుడ్డ చాలు. మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీ మీద అదే కంబళి పరచుకుని వెన్ను నిటారుగా ఉంచి కూర్చోవచ్చు. ఏకాగ్రత కుదిరే చోటే తగిన చోటు, అందులో వేరే విశేషమేమీ లేదని బ్రహ్మసూత్రాలు నాలుగో అధ్యాయంలో తేల్చి చెప్పాయి.

బ్రాహ్మీముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. గడియారంలో నాలుగున్నరను పట్టుకుని వేలాడకుండా, ఉన్న ఊరి సూర్యోదయాన్ని బట్టి లెక్కించుకోవాలి. డిసెంబరులో లండన్‌లో ఉన్న తెలుగువారికి సూర్యుడు ఎనిమిది ప్రాంతంలో ఉదయిస్తాడు కాబట్టి ఆరున్నరకు లేచినా ఆ వేళ దాటిపోదు. ఉదయం కుదరనివారు సాయంసంధ్యను ఎంచుకోవచ్చు. ఏ వేళ ఎంచుకున్నా దాన్ని మార్చకపోవడమే ముఖ్యం.

రోజువారీ క్రమం

స్నానం, విభూతి లేదా తిరునామం, దీపం అయ్యాక ముందుగా గురువును స్మరించాలి. తర్వాత కేశవాది నామాలతో ఆచమనం, మూడుసార్లు ప్రాణాయామం, ఆపైన సంకల్పం. సంకల్పంలో దేశకాలాలు చెప్పుకునేటప్పుడు మనవారు శ్రీశైలాన్ని ఆనవాలుగా తీసుకుంటారు. విజయవాడలో ఉన్నవారు "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే" అంటారు. హైదరాబాదుకు వాయవ్యం, తిరుపతికి ఆగ్నేయం వర్తిస్తాయి. అమెరికాలోని తెలుగు పురోహితులు భరతవర్షానికి బదులు క్రౌంచద్వీపం, రమణకవర్షం చెప్పడం అలవాటుగా మారింది. పంచాంగం చూసి తిథివార నక్షత్రాలు చెప్పడం రానివారు "శుభతిథౌ" అని చెప్పి ముందుకు సాగవచ్చు. చివర "పరమేశ్వర ప్రీత్యర్థం" అన్న తర్వాత ఎంత సంఖ్య చేస్తున్నదీ చెప్పాలి. ఇక్కడ చెప్పిన సంఖ్య పూర్తి కాకుండా లేవకూడదు. అనుమానంగా ఉంటే సంఖ్య చెప్పకుండా "యథాశక్తి" అనాలి. ఈ మాట ఉన్నది మనలాంటివారి కోసమే.

తర్వాత న్యాసం. పంచాక్షరి విషయంలో వామదేవుడు ఋషి కాబట్టి ఆ పేరు చెబుతూ శిరస్సును, పంక్తి ఛందస్సు చెబుతూ నోటిని, దేవతను చెబుతూ హృదయాన్ని కుడిచేతితో తాకుతారు. కరన్యాసంలో "అంగుష్ఠాభ్యాం నమః" అన్నప్పుడు చూపుడువేళ్లతో బొటనవేళ్లను మొదలు నుంచి కొస దాకా నిమరాలి. మిగిలిన నాలుగు వేళ్లనూ బొటనవేళ్లతో నిమరాలి. చివర అరచేతులను, వెనుకభాగాలను తాకించాలి. అంగన్యాసంలో హృదయం, శిరస్సు, శిఖ, కవచం, నేత్రం, అస్త్రం వరుసగా అయ్యాక "భూర్భువస్సువరోమితి దిగ్బంధః" అంటూ తల చుట్టూ చిటికె వేస్తారు. న్యాసం గురువు చెప్పకపోతే పుస్తకం చూసి చేర్చుకోవద్దు.

ధ్యానశ్లోకం చదివి రూపాన్ని కాసేపు మనసులో నిలిపాక "లం పృథివ్యాత్మనే గంధం సమర్పయామి" మొదలుగా మానస పంచపూజ చేస్తారు. పృథివికి గంధం, ఆకాశానికి పుష్పం, వాయువుకు ధూపం, అగ్నికి దీపం, అమృతానికి నైవేద్యం. పూజ సామగ్రి ఏదీ లేని హాస్టల్ గదిలో కూడా లోటు లేకుండా జరిగే పూజ ఇది. హడావుడి రోజున న్యాసం తగ్గించినా దీన్ని వదలవద్దని నేను చెబుతాను.

మాల తిప్పే పద్ధతి

మాలలో 108 పూసలు, వాటి పైన మేరువు అనే కొస పూస ఉంటాయి. శివమంత్రానికి రుద్రాక్ష, విష్ణుమంత్రానికి తులసి, దేవీమంత్రానికి స్ఫటికం వాడుక. మాలను కుడిచేతి మధ్యవేలి మీద వేసుకుని బొటనవేలితో ఒక్కొక్క పూసను తనవైపు లాగాలి. చూపుడువేలు తగలకూడదు. మేరువు వద్దకు వచ్చాక దాన్ని దాటకుండా మాలను వెనక్కి తిప్పి అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టాలి. గోముఖి సంచిలో చేయి ఉంచి తిప్పితే మాల నేలకు తగలదు, ఇతరుల కంటపడదు. లెక్కలో ఒక మాలను 100గానే వేసుకోవాలి. మిగిలిన ఎనిమిదీ పరాకుగా పోయినవాటికి చెల్లు. మెడలో వేసుకునే మాలతో జపం చేయకుండా, జపమాలను వేరుగా ఉంచుకోవాలి.

మాల లేనప్పుడు కరమాల ఉంది. గాయత్రికి చెప్పే పద్ధతిలో ఉంగరపువేలి నడిమి కణుపు నుంచి మొదలై, దాని అడుగు కణుపు రెండు, చిటికెనవేలి అడుగు, నడుమ, కొస మూడు నాలుగు ఐదు, ఉంగరపువేలి కొస ఆరు, మధ్యవేలి కొస ఏడు, చూపుడువేలి కొస, నడుమ, అడుగు ఎనిమిది తొమ్మిది పది. మధ్యవేలిలో మిగిలిపోయిన రెండు కణుపులే ఇక్కడ మేరువు. ఎడమచేతి వేళ్ల మీద పదులు లెక్కపెట్టాలి. దేవీమంత్రాలకు వరుస మారుతుంది కాబట్టి గురువును అడిగి తెలుసుకోవాలి. బస్సులో జపం చేసుకునేవారికి కరమాలను మించినది లేదు. పక్కవాడికి ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కనిపిస్తుంది అంతే.

వాచికం, ఉపాంశు, మానసం

పైకి వినిపించేది వాచికం, పెదవులు మాత్రమే కదిలేది ఉపాంశు, పెదవులు కూడా కదలనిది మానసం. విధియజ్ఞం కంటే జపయజ్ఞం పదింతలు, ఉపాంశు నూరింతలు, మానసం వెయ్యింతలు గొప్పదని మనుస్మృతి చెబుతుంది. ఇది చదివి మొదటి వారంలోనే మానసానికి ఎగబాకితే జరిగేది జపం కాదు, కునుకు. ఉచ్చారణ స్థిరపడేదాకా ఏకాంతంలో వాచికం, తర్వాత ఎక్కువకాలం ఉపాంశు, ఆపైన మానసం అన్న వరుస గృహస్థుకు క్షేమం. వేగం మీద పోటీ పెట్టుకోకూడదు. పంచాక్షరి ఒక మాలకు మూడు నాలుగు నిమిషాలు పడితే సహజం, అంతకంటే బాగా తగ్గిందంటే అక్షరాలు మింగేస్తున్నట్టే.

మనసు ఎక్కడ పెట్టాలి అన్నది పాత సందేహమే. దేవతారూపం మీదనా, మంత్రార్థం మీదనా, శబ్దం మీదనా? విజయనగరం ప్రాంతంలోని కలువరాయిలో 1878లో పుట్టిన కావ్యకంఠ గణపతిముని శివపంచాక్షరిని ఏళ్ల తరబడి జపించి కూడా తపస్సు అంటే ఏమిటో అంతుపట్టక, 1907 నవంబరు 18న అరుణాచలంలోని విరూపాక్ష గుహకు వెళ్లి అక్కడి యువ మౌనిని అడిగారు. నేను అనే తలపు ఎక్కడ పుడుతున్నదో గమనిస్తే మనసు అక్కడ లీనమవుతుందని, మంత్రజపం చేస్తుంటే ఆ మంత్రనాదం ఎక్కడ పుడుతున్నదో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుందని, అదే తపస్సని ఆయనకు సమాధానం దొరికింది. ఆ మౌనికి భగవాన్ రమణ మహర్షి అన్న పేరు పెట్టినవారు ఈ గణపతిమునే. అంతటి పండితుడికి కూడా సంఖ్య దాటిన తర్వాత ఒకరిని అడగవలసిన అవసరం కలిగింది. మీ గురువు రూపధ్యానం చెప్పి ఉంటే రూపాన్నే పట్టుకోండి. పై సమాధానాన్ని కూడా కలిపి చేద్దామనిపిస్తే ముందు ఆయనతో చెప్పండి.

జపం ముగిశాక మాలను కళ్లకద్దుకుని, ఉత్తరన్యాసంలో దిగ్బంధానికి బదులు "దిగ్విమోకః" అని చెప్పి, "గుహ్యాతిగుహ్య గోప్త్రీ త్వం గృహాణాస్మత్కృతం జపమ్" అనే శ్లోకంతో నీళ్లు వదిలి జపాన్ని సమర్పించాలి. పురుషదేవత అయితే "గోప్తా" అనాలి. వెంటనే లేచి ఫోను చూడకుండా రెండు నిమిషాలు అలాగే కూర్చోవాలి. నన్నడిగితే జపంలో అతి ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యే అంగం ఈ రెండు నిమిషాలే.

దారిలో ఎదురయ్యేవి

నిద్ర వస్తే కళ్లు తెరిచి దీపాన్ని చూస్తూ వాచికంగా చేయాలి. ఆలోచనలు వస్తే వాటితో వాదించకుండా తర్వాతి పూస మీదికి వెళ్లాలి. మాల తెగితే అపశకునమని భయపడనక్కరలేదు. దారం పాతబడింది, కొత్త దారంతో గుచ్చించి గురువు చేతితోనో గుడిలోనో తాకించి మళ్లీ వాడుకోవాలి. వెలుగులు, నాదాలు, కలలు కనిపిస్తే గురువుకు తప్ప ఎవరికీ చెప్పకూడదు. నలుగురికి చెప్పుకున్న అనుభవం మరుసటి రోజు నుంచి మనకే ఒక ఎదురుచూపుగా మారి జపాన్ని పాడుచేస్తుంది. అనుభవాలు ఏమీ లేకపోవడం కూడా లోపం కాదు. ఇక నిద్రలేమి, విపరీతమైన భయం, ఎవరో ఆదేశిస్తున్నట్టు మాటలు వినిపించడం వంటివి కనిపిస్తే జపసంఖ్య తగ్గించి, గురువుకు చెప్పి, వైద్యుడిని కూడా కలవాలి. ఉపవాసాల విషయంలో షుగరు, బీపీ మందులు వాడేవారికీ ఇదే వర్తిస్తుంది.

పురశ్చరణ

నిత్యసంఖ్య కనీసం ఒక ఏడాది తప్పకుండా నడిచాకే పురశ్చరణ (నిర్ణీత సంఖ్యలో జపాన్ని హోమాదులతో పూర్తి చేసే దీక్ష) మాట ఎత్తాలి. మంత్రంలో ఎన్ని అక్షరాలో అన్ని లక్షల జపం అన్నది ప్రసిద్ధమైన లెక్క. పంచాక్షరికి 5 లక్షలు, అష్టాక్షరికి 8 లక్షలు, గాయత్రికి 24 లక్షలు. జపంలో పదోవంతు హోమం, హోమంలో పదోవంతు తర్పణం, తర్పణంలో పదోవంతు మార్జనం (మంత్రంతో నీళ్లు చల్లుకోవడం), అందులో పదోవంతు బ్రాహ్మణ భోజనం. పంచాక్షరికి లెక్కవేస్తే 50,000 ఆహుతులు, 5,000 తర్పణాలు, 500 మార్జనాలు, 50 మందికి భోజనం. రోజుకు పది మాలల చొప్పున చేస్తే 5 లక్షలకు 500 రోజులు పడుతుంది. అపార్టుమెంటులో 50,000 ఆహుతులు సాధ్యం కానివారికి గురువు అనుమతితో ఆ సంఖ్యకు రెట్టింపు జపం చేసే వెసులుబాటు ఉంది. అంటే మరో లక్ష జపం, మరో వంద రోజులు. కొన్ని సంప్రదాయాల్లో నాలుగింతలు చెబుతారు. ఎంతైనా గురువు మాటే లెక్క.

ఆ రోజులన్నిటా ఒకే చోటు, ఒకే వేళ, సాత్వికాహారం, బ్రహ్మచర్యం, మితభాషణం పాటించాలి. రోజువారీ సంఖ్య ఒకరోజు ఎక్కువ, మరొక రోజు తక్కువ కాకూడదని ఇక్కడ నియమం. మొదటి రోజు ఎంత చేశారో చివరి రోజూ అంతే. ఉపదేశం రోజున మోతాదు సరిగ్గా కుదుర్చుకున్నవారికి ఈ నియమం కష్టమనిపించదు. మధ్యలో ఆశౌచం వస్తే ఆపాలా కొనసాగించాలా అన్నది సంకల్పానికి ముందే అడిగి ఉంచుకోవాలి. ఇంట్లో పెళ్లిళ్లు, బదిలీ, పరీక్షలు ముందున్నాయని తెలిసి కూడా మొదలుపెట్టవద్దు. ఒక నోటుపుస్తకంలో తేదీ, మాలల సంఖ్య తప్ప మరేమీ రాయకుండా లెక్క ఉంచుకోవడం మంచిది.

గురువు దేహం విడిచిన సందర్భంలో కొందరు మంత్రాన్ని మార్చుకోవాలేమో అని కంగారు పడతారు. ఇచ్చిన మంత్రం అలాగే ఉంటుంది, సంఖ్య కూడా ఆయన చెప్పినదే. ఏటా ఆరాధన తిథి నాడు ఆయన పేర శక్తికొద్దీ అన్నదానం చేసి, సందేహం కలిగినప్పుడు పీఠంలో ఆయన తర్వాతివారినో, ఆయన దగ్గరే ఉపదేశం పొందిన పెద్ద శిష్యులనో అడగాలి. ఆ రోజు వరకు గురువు దిద్దకుండా మిగిలిన అనుమానాలు ఏవైనా ఉంటే, వాటి పట్టిక ఆయన ఆరోగ్యంగా ఉండగానే ఆయన ముందు పెట్టడం శిష్యుడి బాధ్యత.